డొల్ల మేస్త్రి చూపించిన గోడ

పాతపేటలు ఏ నగరంలోనైనా ఒక్క తీరుగానే ముసలివవుతాయి. మొదట కలిగినవాళ్లు వెళ్లిపోతారు, తర్వాత లేనివాళ్లు చేరతారు. ఆఖరికి ఆ గోడలు రెండు వందల ఏళ్లవని ఎవరో పత్రికలో రాయగానే కలిగినవాళ్లు తిరిగొచ్చి లేనివాళ్లను బయటికి నెడతారు. ఈ రాకపోకల మధ్య అలాంటి ఒక మేడలో, రెండో అంతస్తులో, ఒక్క పడకగది ఉన్న వాటాలో డొల్ల మేస్త్రి భార్యతో ముప్పై రెండేళ్లు కాపురమున్నాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు తాగకముందే వేలి కణుపుతో గోడ మీద కొట్టి, చెవి ఒగ్గి, "ఇక్కడ డొల్ల" అనేవాడు. పరామర్శకు వెళ్లినచోట కూడా అన్నాడని, ఏడుస్తున్న ముసలమ్మ ఏడుపాపి "ఎక్కడ నాయనా?" అని అడిగిందని పేటంతా చెప్పుకుంటారు. సున్నపు పూతలో మాత్రం అతనికి సాటి లేదు.

గోడ గట్టిగా ఉన్నన్నాళ్లు పాత అద్దెవాణ్ణి కదపకూడదని ఆ పేటకొక నిబంధన ఉండేది. పూత గోడను వదిలేసిందని నగరపాలక ఇంజినీరు రాసిస్తే మాత్రం పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి. బాగుచేశాక మళ్లీ అతనికే ఇవ్వాలన్న మాట అందులో ఎక్కడా లేదు. తండ్రి పోయాక పెత్తనానికి వచ్చిన మేడ యజమాని ఆ ఇంజినీరు కోసం అర్జీ పెట్టాడు.

ఇంజినీరు వచ్చే రోజు పొద్దున్నే భార్య మేస్త్రిని కూర్చోబెట్టింది.

"ఏమయ్యా, పడకగది గోడ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. వాడికి తెలియక్కర్లేదు. బీరువా అడ్డం పెట్టాను. నువ్వు నోట్లో నీళ్లు పోసుకుని కూర్చో."

"నేనేమంటానే?"

"అవునవును, ఇన్నేళ్లూ నోరు మెదపనివాడివేగా!"

ఇంజినీరు బూట్లు విప్పకుండా వచ్చి, పెన్ను మూతతో నాలుగుచోట్ల తట్టాడు. "రాయిలా ఉందండీ. ఇంత మంచి సిమెంటు పని ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు!" అన్నాడు. యజమాని మొహం మాడింది. భార్య గుండె కుదుటపడింది.

"సిమెంటేంటి సార్?" అన్నాడు మేస్త్రి. "సున్నం. మూడు పూతలు."

"ఏదైతేనేం పెద్దాయనా, గట్టిగా ఉంది. రాసిచ్చేస్తున్నా."

"గట్టిగా ఉందా? ఏ కాలేజీలో చెప్పారు సార్ మీకు?"

భార్య దగ్గింది. ఇంకా గట్టిగా దగ్గింది. లోకంలో అబద్ధమాడేవాళ్లకు కొదవలేదు గాని, తన విద్యలో ఎదుటివాడు తప్పు కూస్తుంటే విని ఊరుకునేవాడు నూటికొకడు. పూర్వం కొలువుల్లో పండితులు తలలు పోగొట్టుకున్నదీ ఈ దురదతోనే. మేస్త్రి లేచి బీరువాను భుజంతో నెట్టి, కణుపుతో కొట్టాడు. గోడ బొంగురుగా పలికింది.

"వినండి. ఇక్కణ్ణుంచి కిటికీ దాకా డొల్ల." అంతటితో ఆగక అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. పళ్లెమంత పెచ్చు ఊడి ఇంజినీరు బూటు మీద పడింది. "చూశారా?" అని మేస్త్రి నవ్వాడు కూడా.

ఇంజినీరు మొదటి కాగితం చించేసి రెండోది రాశాడు.

"ఇప్పుడు చల్లబడిందా నీ కడుపు?" అంది భార్య. పదిహేనో రోజున ఆమె చెల్లెలి ఇంటి వసారాలోకి సామాను చేరింది.

వారం తిరక్కుండా యజమాని అక్కడికే వచ్చాడు. "పాత పద్ధతిలో పూత నువ్వు తప్ప ఎవరూ వేయలేరట మేస్త్రీ."

"వేస్తాను బాబూ. అయ్యాక మమ్మల్ని మళ్లీ అందులో..."

"ముందు కానివ్వు. చూద్దాం."

ఆ 'చూద్దాం' పట్టుకుని మేస్త్రి మూడు నెలలు వేలాడాడు. నానిన సున్నం జల్లించి, పూత మీద పూత వేసి, నున్నటి రాయితో అద్దంలా తోమాడు. భార్య మోకాళ్లనొప్పులు తలుచుకుని స్నానాలగది గట్టు రెండంగుళాలు తగ్గించాడు. ఆమె చేయి అందేంత ఎత్తులో వంటగదిలో గూడు పెట్టాడు.

ఇల్లు చూడటానికి ఒక జంట వచ్చింది. ఆవిడ గూట్లో చేయి పెట్టి, "నాకోసమే కట్టినట్టుందండీ!" అని మురిసిపోయింది. "అడ్డం తప్పుకో మేస్త్రీ, ఫోటోలో పడుతున్నావు" అన్నాడు యజమాని.

వాళ్లు వెళ్లాక మేస్త్రి చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "మరి మా సంగతి బాబూ?"

యజమాని గోడ నిమిరాడు. "నువ్వే చెప్పు. ఇంత గొప్పగా చేసిన ఇంట్లో నిన్ను పెడితే నీ పనికే అవమానం కాదూ?"

ఆ మాటకు మేస్త్రికి ఒళ్లు మండాలి. మండలేదు. మెచ్చుకోలులా వినిపించి, తల కూడా ఊపాడు.

సాయంత్రం వసారా మెట్ల దగ్గరే భార్య ఎదురొచ్చింది. "ఏమన్నాడు?"

మేస్త్రి చెప్పులు విప్పుతూ, "మూలలు భలే కుదిరాయే. దారం పట్టి చూసినా వెంట్రుకవాసి తేడా రాదు" అన్నాడు.

ఆమె అతణ్ణి ఎగాదిగా చూసింది. "అయితే పోయి ఆ మూలల్లోనే పడుకో" అని లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది. కాసేపటికి మరదలు కిటికీ తెరిచి, చాప బయటికి విసిరి, మళ్లీ మూసేసింది.