కలలోకి నానొచ్చినానా మావా?

మా ఆవిడకి రోజూ కలలు వస్తాయి. వచ్చి ఊరుకోవు, తెల్లారేసరికి నా నెత్తిన పడతాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస. టీ గ్లాసు నా చేతికిచ్చి, ఎదురుగా గుమ్మంలో చతికిలబడి, పూలబుట్ట ముందుకు లాక్కుని, దండ కట్టుకుంటూ మొదలుపెడుతుంది. తను పోర్టులో క్రేన్ ఎక్కి ఓడలోంచి కనకాంబరాలు దింపిందట. పోయిన మా అత్త వచ్చి చింతపండు అడిగిందట. సముద్రం గాజువాక దాకా వచ్చేసి మా వీధి కరెంటు స్తంభాలకి పడవలు కట్టేశారట. అంతా చెప్పాక ఒకటే ప్రశ్న.

"మరి నీకేటొచ్చినాది మావా?"

"ఏటీ రానేదు."

"రాకపోడమేటి? మనిసన్నాక కల రాదేటి?"

రాలేదంటే నమ్మదు. నాకూ వస్తాయనీ, చెప్పుకోడానికి వీల్లేనివి కాబట్టి మింగేస్తున్నాననీ ఆవిడ లెక్క. చెప్పుకోడానికి వీల్లేనిదంటే ఇంకేముంది, ఇంకో ఆడది. గుమ్మం దగ్గర పూలు కట్టడానికి చేరిన ఆడవాళ్ళందరి ముందూ అనేసేది: "మా మావ కలలన్నీ బీరువాలో పెట్టి తాళమేసుకుంటాడర్రా. ఆ తాళమెక్కడున్నాదో నాకు ఇప్పటిదాకా దొరకనేదు."

నిజంగానే వచ్చేవి కావు. అబద్ధాలు రాయడానికైతే ఈ వయసులో అక్షరాలు నేర్చుకోనక్కర్లేదు. పడుకునేవాణ్ణి, లేచేవాణ్ణి. మధ్యలో నల్లగా ఏదో ఉండేది, రంగు డబ్బాకి మూత బిగించేసినట్టు.

నా పని లారీలకి రంగులేయడం. ఆటోనగర్‌లో షెడ్డు. డేగ, తామరపువ్వు, పులి, వెనక తలుపు మీద అమ్మవారు. అక్షరాలు కూడా వేసేవాణ్ణి, చదవడం రాకుండానే. కాగితం మీద ఎవరో రాసిస్తే దాన్ని బొమ్మలా చూసుకుని దింపేవాణ్ణి. 'హారన్' అంటే నాకు ఒక వంకర, ఒక కొమ్ము, ఒక సున్నా లాంటిది. అరవై దాటి, పని తగ్గాక, మా వీధిలో రిటైరైన టీచరమ్మ కూర్చోబెట్టి నేర్పింది. అప్పుడు గాని ఇన్నేళ్ళూ నేను దేశం మీదకి ఏం రాసి పంపించానో నాకు తెలియలేదు.

గంజాయి షెడ్డులో అలవాటైంది. పొద్దున్న పని మొదలెట్టే ముందు, అన్నానికి ముందు, ఇంటికి బయల్దేరే ముందు. బీడీలో పొగాకు తీసేసి కూరుకోవడమే. నన్నెవరూ పాడు చేయలేదు, నచ్చి తాగాను. షెడ్డులో అందరికీ ఒక నమ్మకం ఉండేది, పెయింటరు బొమ్మలన్నీ ఆ పొగలోంచే వస్తాయని. నేనూ కాదనేవాణ్ణి కాదు. తీరా చూస్తే ముప్పై ఏళ్ళూ వేసింది ఒకటే డేగ.

దగ్గు పట్టుకుని వదలకపోతే ఛాతీ డాక్టరు దగ్గరికెళ్ళాం. చిన్న వయసు అమ్మాయి. గొట్టం నా వీపున ఆనించి గాలి పీల్చమంటోంది. మా ఆవిడ ఆగలేదు.

"డాక్టరమ్మా, దగ్గు సంగతి తర్వాత సూద్దురు గాని, ఈయనకి కలలు రావంట. అలాగుంటాదేటి ఎక్కడైనా?"

డాక్టరమ్మ నవ్వేసి, తర్వాత నవ్వాపి నన్ను చూసింది. "నిద్రమాత్రలేమైనా వాడతారా? మందు తాగుతారా?"

నేను నోరు విప్పేలోపు మా ఆవిడే చెప్పేసింది. "గంజాయమ్మా. మా పెళ్ళికి ముందునుంచీను. పెళ్ళిపీటల మీద కూడా అదే వాసన."

అప్పుడు చెప్పింది డాక్టరమ్మ. మనిషి నిద్రలో ఒక వంతు ఉంటుందట, రెప్పల వెనక కళ్ళు అటూ ఇటూ పరిగెత్తే వంతు. కలలు ఎక్కువగా అందులోనే వస్తాయట. రోజూ గంజాయి తాగేవాళ్ళలో చాలామందికి ఆ వంతు తగ్గిపోతుందట, వచ్చిన కలైనా లేచేసరికి గుర్తుండదట. మానేస్తే అణిగి ఉన్నవన్నీ ఒక్కసారి తోసుకొస్తాయట. "మొదట్లో నిద్ర పట్టదు. చెమటలు, చిరాకు, పీడకలలు కూడా రావచ్చు. భయపడకండి. మెల్లగా సర్దుకుని మామూలుగా అయిపోతాయి" అంది. ఊపిరితిత్తుల గురించి కూడా చాలా చెప్పింది గాని అది నా చెవికెక్కలేదు.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. స్టీలుప్లాంటు బస్సు వెనక ఆటో ఆగినప్పుడు మా ఆవిడ అంది.

"అయితే నువ్వు దాసుకోనేదా?"

"ఎన్నాళ్ళబట్టి సెప్తన్నానే!"

"మానీ మావా. నాను ఇన్ని కలలు సెప్పినాను, నువ్వొక్కటి సెప్పు. ఒక్కటి."

ఊపిరితిత్తుల కోసమైతే మానేవాణ్ణి కాదేమో. ఈ మాటకి మానేశాను. ఆవిడ అడిగిందని కొంత. లోపల ఏముందో చూడాలని కొంత. ఇన్నేళ్ళు మూత బిగించి ఉన్న డబ్బాలో ఏ రంగుందో చూడాలనిపించదా ఎవరికైనా?

మొదట్లో డాక్టరమ్మ చెప్పిన బాధలన్నీ వచ్చాయి, కలలు తప్ప. అన్నం గడ్డిలా ఉండేది. కాకి అరిచినా కాకి మీదకి గొడవకెళ్ళేవాణ్ణి. తర్వాత ఒక తెల్లవారుజామున వచ్చింది చూడండి! రుషికొండ బీచిలో సముద్రంలోంచి లారీలు బయటికొస్తున్నాయి, వరసగా, రంగు తడి ఆరకుండా. ఒక్కో లారీ మీదా అక్షరాలు. చదువుతున్నాను! కలలో కూడా చదువుతున్నాను! 'విశాఖపట్నం' అని చదివి, పక్కకి చూసి, మళ్ళీ చూస్తే అదే చోట 'వంకాయలు' అని ఉంది. ఇంతలో తలుపు మీది నా డేగ కిందకి దిగి, ఇసకలో నాలుగడుగులు నడిచొచ్చి, "ఎడం రెక్క ఎందుకు పొట్టిగా యేత్తన్నావురా ముప్పై ఏళ్ళబట్టి?" అనడిగింది.

అరుచుకుంటూ లేచాను. "ఒసే! వచ్చినాదే! వచ్చినాది!"

ఒడిలో పూలన్నీ నేల మీద పారబోసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. దొంగెవరో వచ్చాడనుకుందట. కల అని తెలిశాక మంచం పట్టె మీద కూర్చుని నోరు తెరుచుకుని విన్నది. ఆ పొద్దు నేను చెప్పడం, ఆవిడ వినడం. అంతా అయ్యాక చీరకొంగు సర్దుకుని, ఏమీ ఎరగనట్టు అడిగింది.

"అందులోకి నానొచ్చినానా మావా?"

"నేదు."

"పోన్లే. రేపొత్తాను."

రాలేదు. మిగతా లోకమంతా వచ్చింది. వన్ టౌన్ సందుల్లో డాబాల మీద మేకలు ఆటో తోలాయి. చచ్చిపోయిన మా మేస్త్రీ బ్రష్షు కడగలేదని చెవి మెలేశాడు. పాలవాడు వచ్చాడు, దర్జీ వచ్చాడు, ఎప్పుడో బస్సులో నా కాలు తొక్కినవాడు కూడా వచ్చి క్షమించమన్నాడు. అన్నం తినగానే మొదటాటకి టైమైపోతోందన్నట్టు మంచమెక్కేసేవాణ్ణి. మధ్యాహ్నం కునుకు తీసి మ్యాట్నీ కూడా చూసేవాణ్ణి. పొద్దున్నే గుమ్మం దగ్గర పూలు కట్టేవాళ్ళు చెయ్యాపి, నేనెప్పుడు లేస్తానా అని చూసేవారు. జన్మలో ఎవరూ నా మాట అంత శ్రద్ధగా వినలేదు.

చిక్కెక్కడొచ్చిందంటే, ఎదురింటామె వచ్చింది. రెండుసార్లు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"దానికేటి పని నీ కలలో?" అంది మా ఆవిడ.

"దారం అడగడానికొచ్చినాది."

"కలలో కూడా దారం నేదేటే నీ దగ్గర?" అని వీధి దాటేలా అరిచింది.

ఎదురింటామె పడీపడీ నవ్వింది. "నానేటి సేసేది అక్కా! నాను మా ఇంట్లో తొంగుంటే మీ ఆయనే ఈడ్చుకుపోనాడు."

అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది గాని, ఆ సాయంత్రం పెట్టెలోంచి ఆకుపచ్చ పట్టుచీర తీసి కట్టుకుని నా మంచం ముందు నిలబడింది. "నన్ను సూసుకుంటా తొంగో. ఈ సీరలో వత్తే బాగుంటాను." చూసుకుంటూనే పడుకున్నాను. కలలోకి గాజువాక మార్కెట్ వచ్చింది, మనుషులెవరూ లేకుండా.

తర్వాత ఇంకో ఉపాయం పట్టింది. తెల్లారే వేళకి నా పక్కన కాపు కాసేది. రెప్పల కింద నా కళ్ళు కదలగానే భుజం పట్టుకుని కుదిపేసేది. "ఎవులొచ్చినారు? సెప్పు, మర్సిపోకముందే సెప్పు!"

"నువ్వే వత్తన్నావేమో! లేపేసినావు కదే!"

"అయ్యో! అయితే మళ్ళీ తొంగో, బేగి తొంగో!"

అన్నీ వేడుక కలలే అనుకోకండి. ఒకసారి స్టీలుప్లాంటు ఫర్నేసులో కరిగిన ఇనుము మా వీధిలోకి పారుతోంది, నా కాళ్ళు కదలవు. బనీను తడిసి ముద్దయి లేచాను. ఆ రోజే షెడ్డుకి మా బావ వచ్చాడు. వరసకి బావ కాదు, లారీలకి చెక్క బాడీ కట్టే వడ్రంగి. ఒక బీడీని చెరో దమ్మూ లాగిన స్నేహం మాది. నా కలల గొడవంతా అప్పటికే అతనికి తెలుసు. నా మొహం చూశాడు.

"ఏటి బావా అలాగైపోనావ్? సచ్చినోళ్ళతోటీ మేకలతోటీ కాపరమేటి నీకు? రెండు దమ్ములు లాగు, అన్నీ పోతాయి. ఇంట్లో రంకెలూ పోతాయి." జేబులోంచి బీడీ తీసి నా ముందు పెట్టాడు.

"పోతాయని నాకూ తెలుసు బావా."

"మరేటి? నేకపోతే నా కలలోకి వచ్చినావని మీ ఆడదానితోటి ఒక అబద్దం ఆడీ. ఆకుపచ్చ సీరలో వచ్చినావే అను, సరిపోద్ది."

"అది ముప్పై ఏళ్ళు నిజాన్నే నమ్మనేదు. అబద్దం నమ్ముద్దేటి?"

ఆ వాసనకి నోట్లో నీళ్ళూరాయి. దాచడమెందుకు, చెయ్యి బీడీ దాకా వెళ్ళింది కూడా. కాని ముట్టించానంటే మూత మళ్ళీ పడిపోతుంది. మేకలు పోతే పోనీ, ఇనుము పోతే పోనీ. ఇంకా రావలసిన మనిషి ఒకత్తి బయటే ఉండిపోతుంది. బీడీ వెనక్కి తోసేశాను. "నీ అంత మొండోణ్ణి సూడనేదు బావా" అని తనే ముట్టించుకుని బయటికి పోయాడు.

కాని తొందర పట్టుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టే కలల జోరు తగ్గుతోంది. కొన్ని రోజులు లేచేసరికి చిన్న ముక్క మిగిలేది, ఒక చెప్పు, ఒక సగం పాట. కొన్ని రోజులు అదీ లేదు. వరద తీస్తుంటే గట్టున నిలబడినవాడిలా ఉండేది నా పని. ఒక పొద్దున్న మా ఆవిడ టీ ఇచ్చి, తన కల చెప్పింది. తను తుఫానులో గొడుగుల కొట్టు పెట్టిందట. చెప్పేసి, బుట్ట పట్టుకుని లేచిపోయింది. అడగలేదు. మర్నాడూ అడగలేదు. ఎదురింటామె మీద అరిచినప్పుడు నవ్వుకున్నాను గాని, ఈ అడక్కపోవడం నాకు గుచ్చుకుంది. టీ చల్లారిపోయింది.

అప్పుడు వచ్చింది, పట్టపగలు, అన్నం తిని నడుం వాల్చిన వేళ. బీచి రోడ్డు మీద ఒక లారీ వస్తోంది. దాని మీద రంగు లేదు, ఉత్త చెక్క. దగ్గరికొచ్చి ఆగింది. డ్రైవరు సీటులో మా ఆవిడ! కొంగు నడుముకి దోపుకుని, స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, వెనక బాడీ నిండా చేమంతులు. కిటికీలోంచి తల బయట పెట్టి, "ఎక్కు మావా, ఎంతసేపు నిలబడతావు? ఎనక బళ్ళన్నీ ఆగిపోనాయి!" అని కేకేసింది. ఎక్కాను. నావైపు చూడనైనా చూడలేదు. పోర్టు గేటు దాటించింది, ఓడల మధ్యలోంచి పోనిచ్చింది, అలల మీద కూడా ఆపలేదు. చేమంతులు ఎగిరెగిరి నా మొహాన పడుతున్నాయి.

ఎవరూ లేపకుండానే లేచాను. పంచె బిగించుకుంటూ గుమ్మంలోకి పరిగెత్తాను. మా ఆవిడ ఎవరికో పూలు మోచేత్తో కొలుస్తోంది.

"వచ్చినావే! నువ్వొచ్చినావు!"

"ఎక్కడికి?"

"కలలోకే!"

కొలుస్తున్న దండ చేతిలో అలాగే ఉండిపోయింది. "ఒట్టు?"

"నీ మీదొట్టు."

"ఏ సీర?"

"సీర సూడనేదు. లారీ తోల్తన్నావు."

"నానా? లారీయా? ఓలమ్మా!" దండ ఒడిలో పడేసి రెండు చేతులూ బుగ్గలకి ఆనించుకుంది. ఎదురింటామె తలుపు తీసుకుని బయటికొచ్చింది. "ఎంత లారీ? పెద్దదేనా? ఎలాగ తోలినాను?"

"గేరు మార్సడం రాదు నీకు. కీసుమంటన్నాది."

"నీకేటి తెలుసు, పక్కన కూకున్నోడివి! మొత్తం సెప్పు. మొదట్నుంచి సెప్పు."

పూలు కొనడానికొచ్చినామె చెయ్యి చాపి నిలబడే ఉంది. "అమ్మా, నా మూర పూలు..."

"ఉండమ్మా," అంది మా ఆవిడ, నా మీంచి చూపు తిప్పకుండా. "నాను లారీ తోల్తన్నాను."