హాట్ ప్రెస్‌లో ఎండిన మెంబ్రేన్‌తో అత్లోన్ దాకా

పాప పుట్టాక ఉద్యోగం మానేసిన మా ఆవిడ శ్రీలతకు ఐదేళ్ల తర్వాత వచ్చిన మొదటి ఇంటర్వ్యూ ఇది. మేముంటున్న ఈ దేశంలో ఈమధ్యే ముగించిన ఎమ్మెస్సీ ప్రాజెక్టులో తాను చేసిన మెంబ్రేన్‌ను తెచ్చి పరీక్షించి చూపమన్నారు అత్లోన్ దగ్గరి పాల ఫ్యాక్టరీ వాళ్లు. మెంబ్రేన్ అంటే ద్రవాలను వడకట్టే పలచని పొర, మన ఇళ్లలో వాటర్ ప్యూరిఫైయర్ లోపల ఉండేదే. తోడుగా నేనూ సెలవు పెట్టాను. ఏడాది పొడవునా వాన కురిసే దేశంలో నీళ్లకు వడపోతేమిటని నాకు లోలోపల నవ్వు.

పాపను పక్కింటి ఆంటీ దగ్గర వదిలి మేముండే క్లోనీలో పొద్దున ఆరింటి బస్సెక్కాం. సిటీలో లువాస్ అనే ట్రాముకు మారితే హ్యూస్టన్ రైల్వే స్టేషన్, అక్కడి నుంచి అత్లోన్‌కు రైల్లో గంటన్నర లోపే. టికెట్ ముందుగా ఆన్‌లైన్‌లో కొంటే చవక. రైలు కదిలాక శ్రీలత సంచి తెరిచి, మెంబ్రేన్ ముక్కను తాకి, నా వైపు తిరిగింది.

“గిది ఎండిపోయింది. ఏం చేసినవ్?”

“ఫ్రిజ్‌ల తడిగ కనబడ్డది. ముక్కిపోతదని హాట్ ప్రెస్‌ల ఆరబెట్టిన.”

హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమార, మేం బట్టలు ఆరేసేది అందులోనే. ఒకసారి తడిసిన ఆ పొర ఎండితే సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయట. ఇంకో ముక్క లేదు. తను సంచి మూసి ఒళ్లో పెట్టుకుంది.

స్టేషన్ నుంచి టాక్సీలో పావుగంట. అంతా గ్రాండే, అంటే బాగానే జరుగుతుందిలే అన్నాడు డ్రైవరు, మా ముఖాలు చూసి. ఫ్యాక్టరీలో డెక్లన్ అనే పెద్దాయన నాకూ టోపీ, కోటు తొడిగించి లోపలికి తీసుకెళ్లాడు. చీజ్ తీసేశాక మిగిలిన పాల తేట మెంబ్రేన్‌లున్న స్టీలు గొట్టాల్లోకి వెళ్తోంది. ఒక పక్క చిక్కటి ప్రొటీన్, ఇంకో పక్క అద్దంలాంటి నీళ్లు! ఆ నీళ్లతోనే ట్యాంకులు కడుగుతారట. నేను నోరు తెరిచేశాను. మందుల కంపెనీలు, మా క్లోనీ పక్కనున్నటువంటి డేటా సెంటర్లు, ఆసుపత్రుల డయాలసిస్ యంత్రాలు, అన్నింటికీ ఈ పొరలే కావాలట. గిరాకీ పెరిగి ఆర్డరిస్తే నెలలు పడుతోందట. పొరలు ఎలాగో దొరుకుతున్నాయి, వాటి సంగతి తెలిసిన మనుషులే దొరకడం లేదన్నాడు డెక్లన్.

పరీక్షకు ముందే శ్రీలత చెప్పేసింది, ఇది ఎండిపోయింది, నీళ్లు చుక్కలు తప్ప రావని. నా పేరెత్తలేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా, ఆ అతితెలివి నాదేనని నేనే ఒప్పుకున్నాను. అయినా తను దాన్ని పరీక్షించింది. పది నిమిషాలకు గ్లాసు అడుగు మాత్రమే తడిసింది, తను చెప్పినట్టే. తర్వాత డెక్లన్ ఇచ్చిన తడి ముక్కతో నీళ్లు ధారగా వచ్చాయి.

ఎండిన ముక్కను తను సంచిలో పెట్టుకోబోతే ఆయన ఆపాడు. “అది ఇక్కడే ఉండనివ్వమ్మా. ఎండితే ఏమవుతుందో సోమవారం మా కొత్తవాళ్లకు నువ్వే చూపించాలి.” ఉద్యోగం వచ్చిందని నాకు అర్థమయ్యేలోపే శ్రీలత కళ్లు తుడుచుకుంటోంది.

తిరుగు రైల్లో తననే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నా, తన చేతుల్లో ఇంత విద్య ఉందని నాకు తెలియలేదు. అది తెలుసుకోవడానికి ఒక టోపీ, కోటు కావలసి వచ్చాయి. ఇటు వచ్చేవాళ్లకు ఒక్క మాట: ఊరి బయటి ఫ్యాక్టరీలకు రానూపోనూ టాక్సీ ముందురోజే చెప్పుకోండి, ఆ దారుల్లో చేయెత్తితే ఏదీ ఆగదు. మా ఫ్రిజ్‌లో పెరుగు పక్కన ఇప్పుడు మళ్లీ శ్రీలత తెచ్చిన తడి మెంబ్రేన్ సంచి ఉంది. నేను దాని జోలికి పోవడం లేదు.