పదకొండు రికార్డులకు నేనిచ్చిన గ్రేడు

పదకొండు మేలురకం రికార్డులను, ముల్లు ఆనించకుండా, గీత పడకుండా, పావుగంటలో ఉత్త మాటలతో చెత్త చేసిన రికార్డిస్టు మా కోయంబత్తూరు వైపు కొంగునాట మరొకడుంటే చూపించండి. ముప్పై ఏళ్లకు పైబడిన నా ఉద్యోగంలో అంత నైపుణ్యంగా చేసిన పని ఇంకొకటి లేదు.

నేను రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, ఆడి మాసం. కోయంబత్తూరులో ఒక ప్రైవేటు స్టూడియోలో సీనియర్ రికార్డిస్టుగా ఉన్నాను. చీఫ్ ఇంజినీరుకు కింద, మిగిలిన అందరికీ పైన ఉండే హోదా అది. తిట్లు రెండు వైపుల నుంచీ అందుతాయి. ఊళ్లోని ఒక సంగీత గ్రంథాలయం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వినడానికి ఒక గది తెరవదలచి, పాత ఎల్పీ రికార్డులు కొని కంప్యూటరులోకి మార్చి ఇచ్చే పని మాకు అప్పగించింది. కొనుగోలు నా మీద పడింది. ఎందుకో చీఫ్ దాచలేదు. మదురై మళిగె కడవాళ్ల కొడుకువు, నీవు పోతే డబ్బు మిగులుతుంది అన్నారు. మిగిలేది స్టూడియోకు, నాకు కాదు. అయినా ఆ మాటకు పొంగిపోయాను. ఊరంతా ధరలు తగ్గించి అమ్మే ఆడి తళ్లుబడి నెలలో తగ్గింపు లేకుండా సరుకు కొంటే మా వంశానికే తలవంపు.

కడ అంటే మా నాయనది పచారీ దుకాణం, కీళమాసి వీధిలో. బోడి నుంచి ఏలకుల మూటలు వచ్చేవి. నాయన మూటలో చేయి పెట్టి మేలైన పిడికెడే ఏరి తీసేవాడు. వాసన చూసి, ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టేవాడు. ఎందుకు నాయనా అంటే, కుప్పలో మంచిదాన్ని తిడితే తక్కినదాని ధర తనంతట దిగుతుంది అనేవాడు. అమ్మేవాడికీ ఇది తెలుసు. వాడు తన పిల్లలమీద ఒట్టు వేసేవాడు. ఇద్దరూ అబద్ధాలాడి, చివరికి నిజమైన ధర దగ్గర కలుసుకునేవారు. అదొక మర్యాద.

ఆ మర్యాదతోనే పీళమేడులో రామసామి నాయుడు గారింటికి వెళ్లాను. ఆయన ఒక నూలుమిల్లులో స్పిన్నింగ్ మాస్టరుగా చేసి రిటైరైనవారు, ఎనభై దాటినవారు. యంత్రాల శిక్షణకని మిల్లు విదేశానికి పంపితే, జీతంలో మిగిల్చినదంతా రికార్డులకు పోసి నూటనలభై దాకా తెచ్చుకున్నారు. అందులో వయొలిన్ కన్చెర్టోలున్నాయి. ఒక వయొలిన్ ముందు నడిస్తే అరవై డెబ్బై వాద్యాలు దాని మాటకు బదులిచ్చే పెద్ద రచనలవి. నలుగురైదుగురు ఒక గదిలో కూర్చుని వాయించుకునే ఛాంబర్ రచనలున్నాయి. ఒక గొంతూ ఒక పియానో మాత్రమే ఉండే పాటలున్నాయి. అమ్మడానికి కారణం ఆయన చేయి. వణుకు మొదలైంది. ముల్లు దించబోతే రికార్డు మీద జారుతోందని, గీత పడకముందే అప్పగించేస్తానన్నారు. ఒకటే షరతు పెట్టారు: నెలకొక దినం గ్రంథాలయానికి వస్తాను, ఎవరైనా వేసి వినిపించాలి.

రికార్డు పరీక్షకు ఒక వరుస ఉంది. ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టి గాడుల మెరుపు చూడాలి. బూడిదరంగు తేలితే అరిగిందని అర్థం. తరువాత నడిమి రంధ్రం చూడాలి. తొందరపడే చేతుల్లో రికార్డు ఇరుసుకు తగిలి లేబులు మీద సన్నటి గీతలు పడతాయి. ఎన్నిసార్లు, ఎంత అజాగ్రత్తగా వేశారో అవి చెప్పేస్తాయి. ఆపైన ఏ, బి, సి, డి గ్రేడులు. నూటనలభైలో పదకొండింటి మీద ఒక్క గీతా లేదు. మూడు కన్చెర్టోలు, అయిదు ఛాంబర్, మూడు పాటలవి. నా పుస్తకంలో పదకొండింటికీ ఏ అని రాసుకున్నాను. ఆ పదకొండే వేరుగా తీసి నేల మీద పెట్టి, మా నాయన ముఖం పెట్టాను.

"ఏమి తంబీ, ఎట్ల ఉండాది సరుకు?" అన్నారు నాయుడు గారు.

"చెప్పితే మనసు కష్టపడతారయ్యా. ఈ పదకొండూ రొంబ అరిగిపోయుండాయి. ముల్లు పెడితే పాట రాదు, అప్పళం వేపే శబ్దం వస్తుంది."

"నా చెవికి బాగానే వినపడతా ఉండెనే?"

ఒట్టు వేయవలసిన చోట ప్రశ్న వేశారు. అక్కడైనా నేను ఆగవలసింది. బేరం నోట్లో ఊరుతోంది.

"వయసైతే మొదట మోసం చేసేది చెవేనయ్యా. మీ తప్పు కాదు."

ఆయన ఆ పదకొండింటివైపు చూసి, శుక్రవారం రండి తంబీ, ఎత్తుకొని పోదురు అన్నారు. ధర విరిగిందని మెట్లు దిగుతూ ఈల వేశాను.

శుక్రవారం వెళితే పెట్టెలు కట్టి సిద్ధంగా ఉన్నాయి. అడగకుండానే పద్దెనిమిది వేలు తగ్గించారు. లెక్క చూస్తే పదకొండు తక్కువ.

"అవి ఎక్కడయ్యా?"

"పాత పేపరుతో చేర్చి తూకానికి కాయలాన్ కడకు వేసేస్తిని. టెస్టింగ్ రిపోర్టు చెడ్డ అని వచ్చినాక ఆ లాటును బయటకి పంపేది మా మిల్లులో లేదు తంబీ. నా పేరుతో కుళ్లిన సరుకు ఒకరింటికి పోరాదు."

అప్పటికి అర్థమైంది. ఆయన జన్మంతా టెస్టింగ్ రూము రిపోర్టుల మీదే గడిచింది. అక్కడ నూలు బాగుందంటే బాగుంది, లేదంటే లేదు. దారాన్ని తిట్టి ధర దించేవాడెవడూ ఉండడు. నేను బేరానికి అన్న మాటను ఆయన రిపోర్టుగా తీసుకున్నారు. నిజం ఆ నిమిషాన చెప్పవలసింది. సిగ్గుపడి, పెట్టెలు వ్యానులో వేయించి వచ్చేశాను. చీఫ్ భుజం తట్టారు.

ఆ తరువాత నెలలు మార్పిడి పనిలో గడిచాయి. ఒక్కొక్క రికార్డునూ డిస్టిల్డ్ వాటరుతో కడిగి, నీడన ఆరబెట్టి, ముల్లు బరువును రెండు గ్రాముల లోపు నిలిపి ఎక్కించాలి. నలభై నిమిషాల సంగీతానికి పూట పడుతుంది. గ్రంథాలయంలో ఆ విభాగం చూసే జయలక్ష్మి గారు మాత్రం నాయుడు గారు చేత్తో రాసిన పాత జాబితా తీసి, పదకొండు ఎక్కడని మొదటి వారమే అడిగారు. అరిగిపోయాయన్నాను. ఆమె నమ్మినట్టు కనబడలేదు.

ఆరు నెలలకు ఆమె నుంచి ఫోను వచ్చింది.

"ఏం ఇంజినీరు సార్, మీరు చెవి డాక్టరు పని ఎప్పుడు మొదలుపెట్టితిరి?"

"ఏమైందమ్మా?"

"నాయుడు గారు ఒక్క నెలా రాలేదే అని నేనే ఇంటికి పోయొస్తిని. 'నా చెవి పోయిందని మీ ఇంజినీరు చెప్పెనే, ఇంక వచ్చి వినేదానికి ఏముండాది' అంటారు. ఇంట్లో రేడియో కూడా పెట్టేది లేదంట. పాడైందాన్ని నలభై ఏళ్లు బాగుందని విన్న వెర్రి మడయుణ్ని అని నవ్వుతా ఉండారు. ఆ నవ్వు చూసేకి నా చేత కాలేదు సార్."

మరునాడు సెలవు పెట్టి, పాత సామాను కొనే ఆ కాయలాన్ కడకు వెళ్లాను. ఆ కడవాడికి గుర్తుంది. కాగితం అట్టలు తూకానికి పోయాయి. నల్ల పళ్లాలను ఆర్.ఎస్.పురంలో కొత్తగా పెట్టిన ఒక కాఫీ కడ వాళ్లు అలంకారానికి కొన్నారట. పోయి చూశాను. పదకొండూ ఉన్నాయి. గోడ మీద, సూర్యుడి ఆకారంలో, బలమైన బంకతో అతికించి. వాటి కింద కూర్చుని ఒక జంట ఫిల్టర్ కాఫీ తాగుతోంది.

యజమాని తంజావూరువాడు, తమిళంలో మాట్లాడాడు. డెకరేషన్ తీస్తే గోడ పాడవుతుంది, పెయింటు ఖర్చు, పనివాళ్ల కూలి, రెండు రోజుల వ్యాపారం అని వేళ్లు మడిచి ఇరవై రెండు వేలు అడిగాడు. ఇది ఉత్త ప్లాస్టిక్కు కదా అన్న మాట నాలుక చివరికొచ్చింది. మింగేశాను. ఇవి చాలా మంచి సరుకు, నాకు కావాలి అన్నాను. బేరంలో అలా మాట్లాడడం అదే మొదటిసారి కాబట్టి గొంతు నాదిలా లేదు. అతడు అనుమానంగా చూసి, అంత మంచివైతే ముప్పై ఇవ్వండి సార్ అన్నాడు. తిరిగి ఇరవై రెండుకు దిగడానికి రెండు కాఫీలు పట్టాయి.

బంక ఊడదీయడానికి వేడి పనికిరాదు, రికార్డు వంకర తిరుగుతుంది. చేపల గాలానికి కట్టే నైలాన్ తీగను తడిపి, రికార్డుకూ గోడకూ మధ్య పెట్టి రంపంలా లాగాలి. ఉదయం ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండైంది. నాలుగు పగిలాయి. ఏడు వచ్చాయి. రికార్డు రెండు ముఖాల్లో గోడవైపుదంతా బంక. గదిలోకి చూస్తున్న ముఖం మాత్రమే బతికింది.

కడిగి, స్టూడియోలో పెట్టి, నాయుడు గారింటికి వెళ్లాను. నిలబడే చెప్పాను: మీ చెవి పోలేదు, ధర దించడానికి నేను అబద్ధమాడాను, ఇదిగో నా పుస్తకం. ఆయన అద్దాలు పెట్టుకొని పదకొండు ‘ఏ’లనూ వేలితో తడిమి చూశారు.

"రాసేది ఒకటి, చెప్పేది ఇంకొకటా? ఇట్లాంటి టెస్టరును మా మిల్లులో అయితే ఆ పొద్దే గేటు బయట నిలబెట్టుదురు," అన్నారు. తరువాత, "ఇప్పుడు చెప్పేది మట్టుకు నిజమని నేను ఎట్ల నమ్మేది? ఊరుకే నా మనసుకని చెప్తా ఉండావేమో."

ఆయనే దారి చెప్పారు. వచ్చి కూర్చుంటాను, నీవు ఒకటి వేయి, నేను వినేది నేను చెప్తాను, నీ మిషను చెప్పేది మిషను చెప్పనీ. మిల్లువాడి పద్ధతి.

స్టూడియోలో ఆయన స్పీకర్ల వైపు కాక గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఏం వేస్తున్నానో చూడకూడదని. ఒక ఛాంబర్ రికార్డు ఎక్కించాను: రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. నేను తెరమీద అలల గీత చూస్తున్నాను. నాలుగైదు నిమిషాలయ్యాక ఆయన చేయి ఎత్తారు.

"ఈడ ఒక సన్న చిటుకు. ఎడమపక్క. రెండో వయొలిన్ దిగే జాగాలో. ఇది ముందు లేదు."

నాకు వినబడలేదు. వెనక్కి తిప్పి, పెద్దది చేసి చూస్తే తెరమీద వెంట్రుకంత నిలువు గీత. ఎడమ వైపే. నేను తీగ లాగినప్పుడు పడిందే అయివుండాలి. ఉన్నదని చెప్పాను.

ఆయన నావైపు తిరిగారు. ఆరు నెలలుగా మోస్తున్నదేదో దించినట్టు వీపు వాల్చారు. "అట్లయితే చెవి బాగానే ఉండాది తంబీ. నీ నోరే చెడ్డ లాటు. వేయి, తక్కినది విందాం."

ఆ రోజు ఏడు ముఖాలూ విన్నారు. ఒక కన్చెర్టో సగంలో తెగిపోయింది. మిగతా సగం గోడవైపు ఉండిపోయింది. ఆయన ఆ సగాన్ని చాలాసేపు నోటితో కూనిరాగం తీశారు. అది ఎవరి దగ్గరా లేని మార్పిడి. రికార్డు చేద్దామని నాకు తోచేసరికి అయిపోయింది.

సరుకుకు గ్రేడు కట్టేవాడు బేరమాడకూడదు. బేరమాడవలసినవాడికి గ్రేడు కట్టే పని ఇవ్వకూడదు. నేర్చుకున్నది ఇంతే. తరువాత మిగిలిన ఉద్యోగకాలంలో కొనుగోలుకు మరొకరిని పంపమని చీఫ్‌కు రాసిచ్చాను.

ఇక లెక్క. స్టూడియోకు మిగిల్చింది పద్దెనిమిది వేలు. నా జేబు నుంచి పోయింది ఇరవై రెండు వేలు. పదకొండు రికార్డులకు ఇరవై రెండు ముఖాలు. దక్కినవి ఏడు, అందులో ఒకదానిమీద నేను వేసిన చిటుకు. పోయినవి పదిహేను. ఎనభై దాటిన మనిషి సంగీతం వినకుండా గడిపిన నెలలు ఆరు. ఈ ఆఖరి పద్దుకు ఎదురుగా రాయడానికి నా దగ్గర ఏమీ లేదు కాబట్టి, అది బాకీగానే ఉంది.