జాజు గుర్తు పడిన ఇల్లు

2006 వానాకాలంలో నేను పినపాక మండలంలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. చికున్‌గున్యా ఊళ్లకు ఊళ్లను మంచాన పడేసిన ఏడాది అది. నా కింద నలుగురు ఆరోగ్య కార్యకర్తలు, అడవి అంచున పద్నాలుగు పల్లెలు. మా వాళ్లు ఇల్లిల్లూ తిరిగి, జ్వరం ఉన్న ఇంటి గోడ మీద జాజుతో, అంటే ఎర్రమట్టి రంగుతో, గుర్తు గీసి తేదీ వేయాలి. దోమల మందు కొట్టే జట్టు వెనక వచ్చి ఆ ఇళ్లతో మొదలుపెట్టాలి. ఆ పద్ధతి నేనే పెట్టాను. పని జల్దీ అవుతుందని మురిసిపోయాను కూడా.

మొదటి వారం జనం మా వెంటపడి గుర్తు వేయించుకున్నారు. నెల తిరిగినా కీళ్ల నొప్పులు తగ్గకపోయేసరికి మమ్మల్ని చూస్తేనే తిట్టేవారు. మూడో నెలలో తిట్లు ఆగాయి, మాటలూ ఆగాయి. వరుసగా మూడు వారాలు కొత్త జ్వరాలు లేకపోతే 'నిల్ రిపోర్ట్' పంపి క్యాంపు ఎత్తేయడం మా నిబంధన. ఊళ్లు కుదుటపడ్డాయనుకుని నేను ఆ రిపోర్టు రాసి పెట్టుకున్నాను.

పత్తి ఏరే రోజుల్లో చివరి తనిఖీకి ఒక పల్లెకు వెళ్తే, కన్నమ్మ అనే ముప్పయ్యేళ్ల కోయ మనిషి ఇంట్లో లేదు. పశువుల కొట్టంలో గడ్డి మీద కూర్చుని ఉంది. జ్వరం తగ్గి రెండు నెలలు దాటింది. అయినా పత్తి ఏరే ఆడవాళ్ల గుంపు ఆమెను పిలవడం లేదు. నాలుగేళ్ల బిడ్డను తానే అక్క ఇంటికి పంపేసింది. కొన్నాళ్లు వేరే కుండలో వండుకుంది, తర్వాత వండుకోవడమే మానేసింది. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

నాకు ఒళ్లు మండింది. గుంపుకు పెద్దయిన ముత్తమ్మను నిలబెట్టి, ఇది దోమ కుడితే వచ్చేది, మనిషిని తాకితే రాదు అని కేకలేశాను. ఆమె జంకలేదు.

"గట్లయితే గోడ మీద గుర్తెందుకు వెట్టిండ్రు సారూ? అంటుకోకుంటే ఎర్రరంగు ఎందుకు పూస్తరు?"

అన్ని నెలల్లో ఒక్క ఇంట్లో కూడా ఆ గుర్తు ఎందుకో మేం చెప్పలేదు.

కన్నమ్మ నాతో అన్నది ఇంతే. "నా బిడ్డకు అంటద్దని గీడ ఉన్న సారూ. నేను పోయినంక ఇల్లు కడిగిపియ్యుండ్రి."

ఆ మధ్యాహ్నమే సున్నం తెప్పించి, ఆ గుర్తు దోమల మందు జట్టు కోసమేనని ఇంటింటా చెబుతూ, ఊళ్లో ప్రతి గుర్తు మీదా నా చేత్తో పూశాను. నిల్ రిపోర్ట్ చింపేశాను. రికార్డు చెరిపినందుకు సంజాయిషీ ఇమ్మని పై అధికారి మెమో ఇచ్చాడు. మనిషి తిండి మానేసిందని వెళ్లి చెబితే, జ్వరం కేసా కాదా అని అడిగాడు. కాదన్నాను. అయితే మన పరిధి కాదన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. అతని మీద ఎంత కోపమో, ఆ గుర్తులు గీయించిన నా మీదా అంతే కోపం.

మర్నాడు ముత్తమ్మే బిడ్డను తీసుకొచ్చి కన్నమ్మ ఒళ్లో కూర్చోబెట్టింది. తనూ ఆ గడ్డి మీదే కూర్చుని, ఒకే పళ్లెంలో కలిసి తిన్నది. అయినా కన్నమ్మ కొట్టం వదిలి ఇంట్లోకి రావడానికి ఇంకో నెల పట్టింది.

రిటైరయ్యేదాకా నా కింది వాళ్లకు ఒకటే చెప్పాను. జ్వరం తగ్గిన ఇంటికి ఇంకో మూడు నెలలు వెళ్లండి. థర్మామీటర్ తీయకముందు రెండు సంగతులు అడగండి: నిన్న ఎవరితో కలిసి తిన్నావు, పనికి ఎవరు పిలిచారు. ఎవరూ లేరని చెబితే, ఆ ఇంట్లో జబ్బు ఇంకా ఉన్నట్టే రాసుకోండి.