వడియాల మధ్య కోడి

మా హాల్లో గోడకు ఒక కోడి బొమ్మ ఉంది, గంజి మరకలతో సహా. చూసినవాళ్లంతా మీకు ప్రేరణ ఎవరండీ అని అడుగుతారు. ఎర్రగుంట్ల సిమెంటు లారీ అంటాను. నవ్వి ఊరుకుంటారు. నిజం చెబితే నమ్మేవాళ్లు ఎవరున్నారు ఈ రోజుల్లో!

కల్లూరులో ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆయన నాకో పెద్ద కాన్వాసు, రంగుల పెట్టె కొని తెచ్చాడు. బడిలో లెక్కలు చెప్పే నేను పెళ్లికి ముందు కనిపించిన ప్రతి గోడ మీదా బొమ్మలు వేసేదాన్నని ఆయనకు ఎవరో చెప్పారు. ఆరేళ్లు ఆ కాన్వాసు ముందు కూర్చున్నాను, లేచాను. ఒక్క గీత పడితే ఒట్టు. అంత తెల్లటి, అంత ఖరీదైన గుడ్డ మీద ఏం వేస్తే సరిపోతుంది? నా చెయ్యి చచ్చిపోయిందేమోనని లోలోపల భయం పట్టుకుంది. ఒక్కోసారి ఏడుపొచ్చేది. చివరికి మా అత్త "ఉత్తగ పెట్టుకునేది ఏంటికి, గుడ్డే గదా" అని ఎండాకాలం దాన్ని మిద్దె మీద పరిచి వడియాలు పెట్టడం మొదలుపెట్టింది. నేనూ కాదనలేదు.

పోయిన వేసవిలో ఎర్రగుంట్లలో మా అక్క కాలు విరగ్గొట్టుకుంది. వంట చేసి పెట్టడానికి సెలవుల్లో నెల రోజులు వెళ్లాను. అక్కావాళ్ల వీధి మొదట్లోనే ఫ్యాక్టరీ రోడ్డు. లోడు కోసం లారీలు వరసగా నిలబడి ఉంటాయి. అక్కడ అన్నింటి మీదా సన్నటి దుమ్మే. చెట్ల మీద, బర్రెల మీద, ఆరేసిన చీరల మీద. ఒక పొద్దున పాల ప్యాకెట్టు తీసుకుని వస్తుంటే ఒక లారీ వెనక డోరు కనబడింది. అబ్బ, ఏం దుమ్మని! మెత్తగా, సమంగా, వేలు పెట్టమని పిలుస్తోంది. అటూ ఇటూ చూసి పెట్టేశాను. రెండు నిమిషాల్లో కోడిపెట్ట తయారు. తోక దగ్గర వేలు తిప్పుతుంటే వెనక నుంచి గొంతు వినబడింది.

"ఏమ్మా, ఏం జేస్తాండావు?"

లారీ డ్రైవరు. మా నాయన వయసు మనిషి. మెడలో తువ్వాలు, చేతిలో టీ గ్లాసు. నలభై రెండేళ్ల లెక్కల టీచరును, దొంగలా దొరికిపోయాను. ఆయన తీరిగ్గా టీ తాగుతూ కోడిని పైనుంచి కిందికి చూశాడు.

"దీనికి పిల్లల్లేవా?"

"ఉండాయి," అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

"యాడుండాయి మరి?"

అయిదు పిల్లల్ని వేశాను. ఒకదాన్ని తల్లి వీపు మీదికి ఎక్కించాను. ఆయన పకపకా నవ్వాడు. నేను పాల ప్యాకెట్టు ఊపుకుంటూ, గెంతుకుంటూ ఇంటికి పోయాను. ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. "నీకేం పుట్టిందే?" అంది అక్క.

నాలుగో రోజు ఆ లారీ తిరిగొచ్చింది. కోడి అలాగే ఉంది.

"కడగల్యామ్మా," అన్నాడాయన. "కర్నూలు దాంక పొయ్యొచ్చినాది నీ కోడి. టీ బంకు కాడ అందరూ దాన్నే చూస్తాండిరి. ఇంగ కుక్కను గూడ వెయ్, కోడిని తరమల్ల గదా!"

కుక్కను వేశాను. తరువాతి ట్రిప్పుకు ఆ కుక్కను తరిమే ముసలమ్మ. ఆ తరువాత ముసలమ్మ చెప్పు ఎత్తుకుపోయే కోతి. లేచినా పడుకున్నా ఒకటే ధ్యాస, డోరు మీద ఇంకెంత జాగా మిగిలిందని. లారీ కడగమని ఓనరు తిడుతున్నాడట. ఈయన రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొస్తున్నాడట.

నేను బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాన పడింది. ఎండాకాలంలో దారి తప్పి వచ్చిన వాన. వీధి వీధంతా బయటికొచ్చి తడిసి కేరింతలు కొట్టింది. సీమలో పుట్టి వానను తిట్టిపోసిన మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను.

ఇంకొకాయన కూడా ఉన్నాడని మరునాడు తెలిసింది. లారీ తళతళా మెరుస్తోంది. పక్కన ఆయన ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. "అంతా పాయమ్మా. ఈ పాడు వాన ఇప్పుడే రావల్నా?" అన్నాడు. అని, ఎవరైనా విన్నారేమోనని నాలుక కరుచుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి "రా, ఒకటి చూపిస్తా" అని రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు వైపు తీసుకుపోయాడు.

షెడ్డు కింద తడవని లారీ ఒకటి ఉంది. దాని డోరు మీద వంకాయకు ముక్కు పెట్టినట్టు ఏదో ఉంది. కాళ్లు మూడు.

"మనసొప్పల్యా. అందుకే నేనే ఏసినా. ఎట్లుండాది?"

కడుపు నొప్పి పుట్టేలా నవ్వాను. అప్పుడు ఆయన ముఖం చూశాను. బాగుందంటానో లేదోనని ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. కోడిపిల్లల్ని వేసి ఆయన వైపు తిరిగిన రోజు నా ముఖం కూడా ఇలాగే ఉండుంటుంది. నవ్వుతూనే నాకు కళ్లు తడిశాయి.

"శానా బాగుండాది చిన్నాయనా," అన్నాను. అబద్ధం కాదు.

దారి పొడుగునా వేళ్లు ఒకటే దురద. కల్లూరులో ఇల్లు చేరగానే సంచి మెట్ల మీద పడేసి, రంగుల పెట్టెతో నేరుగా మిద్దె ఎక్కాను. ట్యూబులు సగం గట్టిపడిపోయాయి. కాన్వాసు నిండా అత్త వడియాలు. నడిమధ్యలో చేటంత జాగా ఖాళీగా ఉంది. అది చాలు. కుంచె వెతికే ఓపిక లేదు, వేలితోనే మొదలుపెట్టాను. రెక్కలు, తోక, ఎర్రటి జుట్టు. వడియాల మీద రంగు చిందినా ఆగలేదు. ఒళ్లు తెలియని సంతోషం.

అత్త ఎప్పుడొచ్చిందో, నా పక్కనే నిలబడి ఉంది. వడియాలకు రంగు అంటించినందుకు చీవాట్లు తప్పవనుకున్నాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కోడిని చూసింది. నేను లారీ సంగతి ఆమెకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"దీనికి పిల్లల్లేవా?" అంది.

"జాగా లేదత్తా."

"ఉండు," అని పక్కన చతికిలబడి, ఒక మూల నుంచి వడియాలు ఊడదీయడం మొదలుపెట్టింది. అవి ఇంకా సరిగ్గా ఎండనే లేదు.