ఆయన అనని సారీ

కోపం వస్తే మృదులకు నోరు పెగలదు. చెవులు వేడెక్కుతాయి, అంతే. కెనడాలోని ఎడ్మంటన్‌లో మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీల చలిలో కూడా అవి కాలిపోయిన రాత్రి ఒకటుంది. ఆ రాత్రి దాకా ఆమె తన పనికి తనే మురిసిపోయేది.

జగిత్యాల నుంచి పై చదువుకని వచ్చి, అది పూర్తయ్యాక అక్కడే ఒక కాలేజీలో లాంగ్వేజ్ అసిస్టెంట్‌గా చేరింది మృదుల. మనవాళ్లు విమానాల నిండా దిగుతున్న కాలం అది. ఇంగ్లిష్ పరీక్షలు పాసై వచ్చినవాళ్లే అయినా, ఎదుట కూర్చున్న అధికారి ముఖం గంటు పెట్టుకుని టకటకా ప్రశ్నలు వేసేసరికి సగంమందికి నాలుక పిడచకట్టుకుపోయేది. అలాంటి మీటింగుల్లో పక్కన కూర్చుని అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చెప్పడం ఆమె ఉద్యోగం. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. చేరిన రోజే ఆ షరతు కింద సంతకం పెట్టింది.

కోఆర్డినేటర్ హెదర్ మంచిదే. "కాంట్రాక్ట్ రిన్యూ కావాలంటే పనొక్కటే చాలదు. నువ్వెవరో నలుగురికీ తెలియాలి" అని శుక్రవారం రాత్రుళ్లు వైట్ ఎవెన్యూలో పబ్బుకు రమ్మనేది. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు కదలడమే మృదులకు కొత్త. మొదటిసారి కోటు ఎక్కడ తగిలించాలో తెలియక ఒళ్లో పెట్టుకుని మూడు గంటలు కూర్చుంది. పాటల హోరులో ఎవరేమన్నారో వినపడక, అందరూ నవ్వినప్పుడల్లా తనూ నవ్వింది. పగలంతా పదిమంది మాటలు మోసే మనిషి రాత్రయ్యేసరికి చెవిటిదానిలా కూర్చోవలసి రావడం ఆమెకు ఒళ్లు మండించేది. పోనుపోను కిటుకులు పట్టుబడ్డాయి. జింజర్ ఏల్ అనే అల్లం సోడాలో నిమ్మముక్క వేయించుకుంటే ఏం తాగుతున్నావని ఎవరూ అడగరు. స్పీకర్లకు దూరంగా ఉండే బల్ల కిటికీ పక్కది. నవ్వడం మాత్రం మానలేదు. అది అలవాటైపోయింది.

ఆ ఫిబ్రవరిలో కోదండరామ్ మీద కేసు వచ్చింది. బొబ్బిలి దగ్గర ఒక ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు బాయిలర్ పని చేసి, ముప్పై ఎనిమిదో ఏట పెళ్లాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని డిప్లొమాకు వచ్చిన మనిషి. ల్యాబ్‌లో నలుగురికి కలిపి ఒకే ప్రెషర్ గేజ్ ఇచ్చారు. మన కాలేజీల్లో అయితే ఏం చేస్తాం? ఒకరు రీడింగ్ పైకి చదువుతారు, మిగతావాళ్లు రాసుకుంటారు. వీళ్లూ అదే చేశారు. నాలుగు రిపోర్టుల్లోనూ ఒకే అంకెలున్నాయని కాపీ కేసు పెట్టారు. పైకి చదివింది కోదండరామ్ కాబట్టి ముందు అతన్ని పిలిచారు. కేసు రుజువైతే కాలేజీలోంచి తీసేస్తారు. కాలేజీ పోతే స్టడీ పర్మిట్ పోతుంది, సంసారమంతా మూటాముల్లె సర్దుకోవాలి.

క్రెయిగ్ అనే అధికారి ఏం జరిగిందో చెప్పమన్నాడు.

"ఒక్కటే గేజ్ ఇచ్చారండి. నేను చదివేను, ఆళ్లు రాసుకున్నారు. రిపోర్టు ఎవరిది ఆళ్లే తయారుచేసుకున్నారు. ఇందులో నా తప్పేటో నాకు తెలీట్లేదు" అన్నాడు కోదండరామ్.

మృదుల అదంతా ఇంగ్లిష్‌లో చెప్పింది. మొదట మాత్రం "సారీ సర్" అంది. ఆ మాట తను కలిపిందన్న స్పృహ కూడా ఆమెకు లేదు. వాళ్ల నాన్న సీతారామారావు తహసీల్దారు ఆఫీసులో గుమాస్తా. "ఆఫీసర్ ముందట నిలబడంగనే తప్పయింది సార్ అనాలె బిడ్డా. గట్ల అన్నోళ్ల కాగితమే ముందుగాల కదుల్తది" అని చిన్నప్పటినుంచీ నూరిపోశాడు. తప్పు చేశావా లేదా అన్నది తర్వాతి సంగతి.

మూడో రోజు కోదండరామ్ ఫోన్ చేశాడు. "నేను తప్పు ఒప్పుకున్నానని రాసేరమ్మా. తీసేస్తన్నారంట. అప్పీలుకి పది రోజులే టైమిచ్చేరు. నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

"మీరు ఒప్పుకోలేదన్నా. నేను పక్కనే ఉన్న కదా. వాళ్లే ఏదో రాసుకున్నరు" అంది మృదుల. నోటికొచ్చింది రాసుకోవడానికి వీళ్లకెంత ధైర్యమని పళ్లు నూరింది. ఆ శుక్రవారం పబ్బులో క్రెయిగ్‌ను నిలదీయాలనే వెళ్లింది.

అడిగే అవసరం లేకపోయింది. క్రెయిగ్ గ్లాసు పైకెత్తి, బల్ల చుట్టూ ఉన్నవాళ్లతో తనే అన్నాడు: "మృదుల వస్తే నాకు పని సులువు. వాళ్లు కూర్చుంటూనే సారీ అంటారు. ఇక వాదించడానికేముంది? పది నిమిషాల్లో ఫైలు మూసేస్తాను."

అందరూ నవ్వారు. అలవాటుకొద్దీ మృదులా నవ్వింది.

నవ్వు పూర్తి కాకముందే ఆ సారీ ఎవరిదో గుర్తొచ్చింది. కోదండరామ్ గొంతులో వెతికి చూసింది, లేదు. తన గొంతులోనే ఉంది. చెవులు భగ్గుమన్నాయి. నేరం రుజువు చేయడానికి ఒక సారీతో సరిపెట్టుకునే ఈ పెద్దమనిషి మీద, తండ్రి మీద, అందరికంటే ఎక్కువగా తన మీద పట్టరాని కోపం వచ్చింది. కోటు చేత్తో పట్టుకునే బయటికి నడిచింది. బస్టాపులో ఎవరో చెప్పేదాకా దాన్ని తొడుక్కోలేదు.

మర్నాడు కోదండరామ్ ఇంటికెళ్లి జరిగింది చెప్పింది. అతని భార్య సూర్యకుమారి టీ కప్పు ఇవ్వబోయి మళ్లీ ట్రేలోనే పెట్టేసింది.

"పన్నెండేళ్లు బాయిలర్ కాడున్నాను. నా వల్ల తప్పు జరిగితే ఎవరూ అడక్కముందే చెప్పీసీవోణ్ణి" అన్నాడు కోదండరామ్. గొంతు పెంచలేదు. "అనని మాట నా నోట్లో పెట్టడానికి మీరెవరమ్మా?"

సోమవారం పొద్దున్నే మృదుల ఉత్తరం రాసి హెదర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ సారీ నాది, ఆయన అనలేదు, నేను షరతు తప్పాను అని మూడు వాక్యాలు.

హెదర్ రెండుసార్లు చదివింది. "ఇది ఫైలుకెక్కితే నీ కాంట్రాక్ట్ రిన్యూ కాదు. నేనేం చేయలేను."

"ఎక్కించండి" అంది మృదుల.

మళ్లీ విచారణ జరిగింది. ఈసారి వేరే అసిస్టెంట్ కూర్చున్నాడు. ఒకే గేజ్ ఇచ్చిన మాట నిజమేనని ల్యాబ్ టీచర్ ఒప్పుకున్నాడు. కేసు కొట్టేశారు. కోదండరామ్ ఆమెకు ఫోన్ చేయలేదు. చేయాలని ఆమె అనుకోనూ లేదు.

హెదర్ పిలిచి, "అయిపోయిందిగా, ఇక మర్చిపో. ఉన్న రెండు నెలలూ ప్రశాంతంగా పనిచెయ్" అంది.

మృదుల సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు పేర్లున్నాయి. చేరినప్పటినుంచి ఇలాంటి విచారణల్లో ఆమె పక్కన కూర్చున్నవాళ్లందరివీ.

"ఈ ఫైళ్లు కూడా తెరవాలి" అంది.

మొదటి పేరు అమ్ములు. కేసు రుజువైందని కాలేజీలోంచి తీసేస్తే, నవంబరులోనే పాలకొల్లు వెళ్లిపోయింది. ఆ రోజు ఆ పిల్ల ఏం చెప్పుకుందో ఎంత తలబద్దలు కొట్టుకున్నా మృదులకు గుర్తు రాలేదు. సారీ అన్న మాట మాత్రం గుర్తుంది, తన గొంతుతోనే.