ఆర్పేసిన అగరబత్తి

ఒంట్లో కూడా చాటింపు వేసేవి ఉంటాయని నాకు మొదట చెప్పింది మెట్‌పల్లిలో ఎక్కిన బస్సులో కలిసిన ఒక అక్క. పేరు అడగలే.

బస్సు కదిలేముందు డ్రైవరు దేవుని పటం ముందర అగరబత్తులు ముట్టించిండు. నేను దండం పెట్టుకున్న. అంతలోనే ఒడిలో ఉన్న బిడ్డకు పిల్లికూతలు మొదలైనయి. దాని నోట్లె ఆయాసం పంపు కొట్టిన. లేస్తున్న, కూసుంటున్న, కిటికీ తెరుస్తున్న. పొగ మా దిక్కే వస్తున్నది. మగ్గానికి రోజూ ఊదుపొగ వేసే ఇల్లు మాది; దేవుని పొగను వద్దని ఎట్లనాలె?

పక్కసీటు అక్క లేచి, పటానికి మొక్కి, అగరబత్తుల మీద సీసలోని నీళ్లు పోసింది.

“దేవునివి ఆర్పుతవా?” డ్రైవరు గరమైండు.

“పొగ లేకున్నా దేవుడుంటడన్నా. గాలి లేకుంటె పిల్ల ఉంటదా?”

డ్రైవరు తన పక్క కిటికీ అద్దం తీసిండు.

“నాకూ దమ్ము రోగమున్నది చెల్లె, డాక్టరమ్మ చెప్పింది,” అన్నది అక్క. “జర దుమ్ము పోంగనే, దొంగలొచ్చిండ్రని ఒంట్ల చాటింపైతది. గా చాటింపేసేటియాటిని సైటోకైన్లంటరట. ఊరంత కట్టెలు పట్టుకొని ఉరికొస్తది. దొంగ లేడు, గా గుంపుకే గాలితొవ్వ మూసుకపోతది. పొగ ఇంక ఎగదోస్తది. రోజూ కొట్టే పంపు గా చాటింపును ఆపెతందుకే. మంచిగున్నదని బంజేయకు.”

జగిత్యాల వచ్చేసరికి బిడ్డ కుదురుగా ఊపిరి తీస్తున్నది. అక్క దాని తల నిమిరి దిగిపోయింది.

ఇప్పుడు మా మగ్గం ముందర నూనెదీపం, ఒక మందారం. అంతే. మీ బస్సులో అగరబత్తి వాసన వచ్చిననాడు, దేవునికి మొక్కినంక ఆ అక్కను కూడా ఒక్కసారి తలుచుకోండి.